తాళాల గుత్తితో వచ్చిన పెద్దాయనకు

స్కాట్లాండ్‌లోని ఆ చిన్న ఊరి చర్చి తాళాలు చూసుకునే పెద్దాయనకు, మేం వెతుకుతున్న యుద్ధ స్మారక ఫలకాన్ని చూపించినందుకు కృతజ్ఞతలు. 1929లో యునైటెడ్ ఫ్రీ చర్చి అనే క్రైస్తవ శాఖలో ఎక్కువ భాగం, ఆ దేశపు జాతీయ చర్చి అయిన చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్‌లో కలిసింది. తర్వాత ఎన్నో ఊళ్లలో అదనపు చర్చిలు మూతపడి, వాటి యుద్ధ స్మారక ఫలకాలు చెల్లాచెదురయ్యాయి. సెషన్ మినిట్స్‌లో (చర్చి పెద్దల సభ నమోదుల్లో) ఫలకం ఆవిష్కరించిన వివరం దొరుకుతుంది. దాన్ని తరలించిన ఖర్చుకు, చర్చి డబ్బు వ్యవహారాలు చూసే డీకన్స్ కోర్టు పుస్తకం తిరగెయ్యాలి. మాకు ఆ పుస్తకం దొరకలేదు.

ఆయన హాలు వేదిక కింది తలుపు తీసి, కుర్చీలన్నీ జరిపారు. గోడవైపు తిప్పిపెట్టిన ఇత్తడి ఫలకం! పాలిష్ పెడితే అక్షరాల్లో నింపిన నల్లరంగు పోతుందంటూ పొడి బ్రష్‌తో దుమ్ము మాత్రమే దులిపారు. ఫొటోలు అయ్యేదాకా టార్చి పక్కనుంచి వాలుగా పట్టుకున్నారు, నీడపడి అరిగిన పేర్లు తేలేలా. అడక్కుండానే స్క్రూ రంధ్రాల మధ్య దూరమూ కొలిచిచ్చారు. పాత చర్చి గోడమీది గుర్తులతో పోల్చడానికి ఇప్పుడు అవే కొలతలు వాడుతున్నాం.