వెయిటింగ్ పీరియడ్ తీరేదాకా కాన్పు ఆగదు: బీమా నియంత్రణ సంస్థ (ఐఆర్‌డీఏఐ) ఛైర్మన్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

మెటర్నిటీ వెయిటింగ్ పీరియడ్ అంటే, పాలసీ తీసుకున్నాక ఇంతకాలం గడిచేదాకా కాన్పు ఖర్చు ఇవ్వబోమనే షరతు అని మీకు నేను చెప్పనక్కర్లేదు. అది లేబర్ రూమ్ దాకా వచ్చి ఏం చేస్తుందో మాత్రం చెప్పాలి. బీమా కంపెనీ ఫిర్యాదుల విభాగానికి (గ్రీవెన్స్ సెల్) ఎన్నిసార్లు రాసినా ‘పాలసీ షరతుల ప్రకారం క్లెయిం తిరస్కరించడమైనది’ అన్న ఒక్క వాక్యమే తిరిగొస్తోంది. అందుకే మీకు అందరి ముందూ రాస్తున్నాను.

నా పాలసీలో వెయిటింగ్ 2 ఏళ్లు. డాక్టరమ్మ చెప్పిన డెలివరీ తేదీ ఆ 2 ఏళ్లు నిండాకే. ప్రీమియం ఒక్కసారీ ఆలస్యం చేయలేదు. 35వ వారంలో చెకప్‌కు వెళ్తే బీపీ 170/110. మూత్రంలో ప్రొటీన్, మొహమంతా వాపు, పగిలిపోయే తలనొప్పి. తీవ్రమైన ప్రీఎక్లాంప్సియా, అంటే గర్భంతో బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు అన్నారు. బిడ్డను బయటికి తీయడం తప్ప వేరే దారి లేదు, ఆలస్యమైతే ఫిట్స్ రావచ్చన్నారు. నాకు ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఎక్కిస్తుంటే పక్కనే మా ఆయన ఫోన్లో, బీమా కంపెనీ తరఫున క్లెయిములు చూసే టీపీఏ వాళ్లతో మాట్లాడుతున్నారు. అవతలి నుంచి వచ్చిన మాట: “డాక్టర్‌ని అడిగి ఇంకొన్నాళ్లు ఆపించలేరా సార్?”

అడిగిన అమ్మాయిని ఏమీ అనను. ఆమె స్క్రీన్ మీద ఒక తేదీ ఉంది, అంతే. కానీ మా ఆయన నిజంగానే వెళ్లి డాక్టరమ్మను అడిగారు. రేపు అప్పు పుట్టించాల్సిన మనిషి, అడగకుండా ఎలా ఉంటారు? “ఈ రాత్రి దాటనివ్వను” అని ఆవిడ ఆపరేషన్‌కు రాసేశారు. ఆవిడ రుణం మేం తీర్చుకోలేం.

క్లెయిం పోయింది. పాపను పసిబిడ్డల ఐసీయూలో (ఎన్‌ఐసీయూ) పెట్టారు. పుట్టిన రోజు నుంచే బిడ్డకు కవరేజీ అని పాలసీలో ఉంది కదా అంటే, తల్లి క్లెయిం పాసైతేనే బిడ్డకు వర్తిస్తుందన్నారు. ముందుగా పుట్టింది కాబట్టే పాపకు ఎన్‌ఐసీయూ కావాల్సి వచ్చింది. ముందుగా పుట్టింది కాబట్టే డబ్బు రాదన్నారు. ఇదెక్కడి న్యాయమండీ?

కాన్పు ఖర్చులు ఇవ్వక్కర్లేదనే ఎక్స్‌క్లూజన్ 18లో, గర్భసంచి బయట పిండం పెరిగే ఎక్టోపిక్ ప్రెగ్నెన్సీకి మీరే మినహాయింపు ఇచ్చారు. ఫిట్స్ అంచున ఉన్న తల్లిది మాత్రం ప్రాణం కాదా? 2024లో పాత జబ్బుల వెయిటింగ్‌ను 48 నెలల నుంచి 36 నెలలకు తగ్గించారు. మేం డబ్బు కట్టకుండా కంపెనీయే ఆసుపత్రికి చెల్లించే క్యాష్‌లెస్ అనుమతి గంటలో తేల్చాలన్నారు. చాలా సంతోషం. కాన్పు దగ్గరికొచ్చేసరికి ఒక పాలసీలో 9 నెలలు, ఇంకోదాంట్లో 2 ఏళ్లు, మరోదాంట్లో 4 ఏళ్లు. ఎందుకు కంపెనీల ఇష్టానికి వదిలేశారు?

ఇదే ఒత్తిడి ఇంకో వైపు నుంచీ వస్తుంది. ఉద్యోగం మారితే ఆఫీసు ఇచ్చిన గ్రూప్ పాలసీ ఆఖరి పనిరోజుతో ఆగిపోతుంది. ఆలోగా కాన్పు అయిపోతే బాగుండునని ఇంట్లోవాళ్లు లెక్కలు వేస్తారు. పైగా చాలా పాలసీల్లో సిజేరియన్‌కు ఎక్కువ డబ్బు ఇస్తారు, నార్మల్‌కు తక్కువ. బిడ్డ ఎప్పుడు, ఎలా పుట్టాలో డాక్టర్ చెప్పాలి గానీ పాలసీ కాగితం కాదు.

మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్‌లో డెలివరీ తేదీ రాసే ఉంటుంది. మోసం జరుగుతుందని కంపెనీకి అనుమానముంటే అది చూసుకోవచ్చు. వెయిటింగ్‌ను ఆ తేదీతో లెక్కగట్టమనండి. తల్లీబిడ్డల ప్రాణం కోసం ముందే కాన్పు చేయాల్సి వస్తే క్లెయిం కొట్టేయొద్దనండి. తల్లి క్లెయిం ఏమైనా సరే, పసిబిడ్డ కవరేజీ దానికి ముడిపెట్టొద్దనండి. దయచేసి ఒక్క సర్క్యులర్ ఇవ్వండి. ఇలా కొట్టేసిన పాత క్లెయిములు కూడా తిరిగి తెరిపించండి. అందులో నాదీ ఉంది, నా పాపదీ ఉంది.

ఇట్లు,
ఒక పాలసీదారు