సంఘం వార్షిక నివేదిక 2024-25: గుట్ట తోటలకి స్లాషర్ కొన్నాం

సభ్యులందరికీ నమస్కారం. లెక్కలు, మీటింగుల వివరాలు గ్రూపులో విడిగా పెట్టాం, చూసుకోండి. ఈ ఏడాది మనం ఎక్కువ తిరిగింది, ఎక్కువ వాదులాడుకుంది స్లాషర్ (ట్రాక్టరు వెనక తగిలించి గడ్డి, కంప కోసే యంత్రం) గురించే కాబట్టి దాని గురించే వివరంగా రాస్తున్నా.

మన చిత్తూరు వైపు గుట్ట భూములంటే తెలిసిందే కదా, జానెడు మట్టి, దాని కింద బండ. వానలు పడ్డాక వయ్యారిభామ, లంటానా కంప నడుం ఎత్తు లేస్తాయి, మామిడి కోతకి చెట్టు కిందకి పోవాలంటే పాముల భయం. ఇన్నాళ్ళూ మట్టిని తవ్వి తిరగేసే రోటావేటర్ వేశాం, దాని పళ్ళు రాళ్ళకి వంగిపోతాయి, అది పోనీ అనుకున్నా వాలు మీద మట్టి గుల్లయిపోయి పెద్ద వాన వస్తే కిందకి కొట్టుకుపోతుంది. స్లాషర్ పైపైనే కోస్తుంది, వేరు మట్టిని పట్టుకునే ఉంటుంది.

పని తొందరగా అవుతుందని మొదట ఆరడుగుల వెడల్పుది అద్దెకి తెచ్చి మా తోటలోనే నడిపాం. మూడో సాలుకి మిట్ట ఎక్కింది, చక్రాలు అటూ ఇటూ పల్లంలో ఉన్నాయి, మధ్యలో బ్లేడు బండని గీరింది, టప్‌మని షియర్ బోల్ట్ (గట్టి దెబ్బ తగిలితే గేర్‌బాక్సు పాడవకుండా తాను తెగిపోయే బోల్టు) తెగిపోయింది. మార్చాం, మళ్ళీ తెగింది. ఆ పూట సగం బోల్టులకే పోయింది. ఒక రాయి అయితే ఎగిరి వెళ్ళి మోటారు షెడ్డు రేకుకి కొట్టుకుంది, ఆ సొట్ట చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది, పొద్దున అక్కడే కూలీలు కూర్చుని అన్నం తిన్నారు.

అందుకే చివరికి ఐదడుగులది, మందం రేకుది తీసుకున్నాం. మన 45 హెచ్‌పీ ట్రాక్టరుకి ఇంకా పెద్దది లాగే సత్తా ఉంది, కానీ వెడల్పు తగ్గితేనే ఎగుడుదిగుళ్ళకి తగ్గట్టు పోతుంది. చక్రం అంచున కొంచెం గడ్డి మిగుల్తుంది, దానికి సర్దుకోవాలి. బ్లేడ్లు బోల్టు మీద ఊగేవి, రాయి తగిలితే వెనక్కి మడుచుకుంటాయి, వాటి కింద గుండ్రటి పళ్ళెం ఉంది, అది బండ మీద జారిపోతుంది. ముందూ వెనకా గొలుసులు వేలాడతాయి, రాళ్ళు ఎగరకుండా చాలావరకు ఆపుతాయి, అయినా సరే నడిచేటప్పుడు వంద మీటర్ల లోపు మనుషులు, గొడ్లు ఉండకూడదు.

షియర్ బోల్ట్ బదులు స్లిప్ క్లచ్ ఉన్నది అడిగి తీసుకున్నాం, ధర ఎక్కువే గానీ రాయి తగిలినప్పుడు జారి గేర్‌బాక్సుని కాపాడుతుంది, దిగి మార్చే పని లేదు. ఒక్కటే జాగ్రత్త, వానాకాలం అంతా షెడ్డులో ఉంటే క్లచ్ ప్లేట్లు తుప్పుతో అతుక్కుంటాయి, అప్పుడది జారదు, దెబ్బంతా గేర్‌బాక్సుకే. సీజన్ మొదట్లో స్ప్రింగులు వదులు చేసి, పీటీఓ (ట్రాక్టరు ఇంజను బలంతో స్లాషర్‌ని తిప్పే కడ్డీ) రెండు సెకన్లు తిప్పి, మళ్ళీ ముందున్న కొలతకే బిగించాలి. పీటీఓ వేగం నిమిషానికి 540 చుట్లు దాటించొద్దు. కోత ఎత్తు రాళ్ళున్న చోట ఆరంగుళాలు పెట్టండి, నేలకి ఆనించి కొట్టాలని చూడొద్దు.

వాలుకి అడ్డంగా నడపొద్దు, పైకీ కిందకే నడపాలి. వెనక బరువుకి ఎక్కుడులో ముందు చక్రాలు తేలుతున్నాయి, ముందు పెట్టే బరువులు ఇంకా కొనలేదు, వచ్చే మీటింగులో అది తేల్చాలి. అప్పటిదాకా నిటారు వాలున్న తోటలకి స్లాషర్ ఇవ్వం, దయచేసి అర్థం చేసుకోండి.