తిట్టడం వేరు, జరిమానా వేయడం వేరు

సంపాదకుడు గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో నైజీరియా పాటల మీద వచ్చిన వ్యాసం చదివాను. బీట్లు, స్టెప్పులు, ఎవరికెన్ని వ్యూస్, అంతే. ర్యాపర్ ఫాల్జ్ 2019 జనవరిలో తెచ్చిన 'మోరల్ ఇన్‌స్ట్రక్షన్' ఆల్బమ్‌కి మాత్రం రెండే వాక్యాలు, ఆడవాళ్లను కించపరిచాడని గొడవైంది, ఇలాంటివాటిని ప్రభుత్వాలే అదుపు చేయాలి అని. ఆ రెండో వాక్యం మీదే నా అభ్యంతరం. అప్పట్లో ఉద్యోగం మీద నైజీరియాలోని లాగోస్ నగరంలో ఉన్నవాణ్ని కాబట్టి రాస్తున్నాను.

ఫాల్జ్ అసలు పేరు ఫొలారిన్ ఫలానా. అవును, అచ్చంగా మన ఫలానాలాగే. తండ్రి ఫెమి ఫలానా అక్కడ పేరున్న మానవ హక్కుల లాయరు, కొడుకూ లా చదివినవాడే. మొదట్లో యాసపెట్టి ఇంగ్లీషు మాట్లాడి నవ్వించే కుర్రాడిగానే జనానికి తెలుసు. అలాంటివాడు అధ్యక్ష ఎన్నికలు నెల రోజులుండగా, పాటలతోనే సర్కారుని ఎదిరించిన నైజీరియా గాయకుడు ఫెలా కూటి పాత పాటల ముక్కలు వాడుకుని, ఫెలా ఆల్బమ్‌లకు బొమ్మలేసిన లెమి ఘరియోక్వుతోనే అట్ట వేయించుకుని, తొమ్మిది పాటల్లో నాయకుల్ని, పాస్టర్లని, పోలీసుల్ని వరసపెట్టి దులిపేశాడు. ఫెలా పేరెత్తడమంటే అక్కడ మామూలు విషయం కాదు. సైనికుల్ని వెక్కిరిస్తూ పాట కట్టాక 1977లో సైనికులు ఆయన ఇంటి మీద పడి తగలబెట్టారు, ముసలి తల్లిని కిటికీలోంచి విసిరేశారు, మరుసటి ఏడాదికి ఆవిడ పోయింది.

ఈ ఆల్బమ్‌లో 'జానీ' అనే పాట పోలీసు తూటాకి బలైన కుర్రాడి కథ. లాగోస్‌లో ట్రాఫిక్ జామ్‌ని గో-స్లో అంటారు, అందులో ఇరుక్కున్నప్పుడల్లా మా కంపెనీ డ్రైవరు ఆ పాటే పెట్టేవాడు. పోలీసుల చెక్‌పాయింట్ కనబడగానే చెయ్యి వాల్యూమ్ మీదికి పోయేది. అద్దం దించి, ముఖానికి నవ్వు పులుముకుని 'గుడ్ మార్నింగ్ ఓగా' అనేవాడు, ఓగా అంటే అక్కడ అయ్యగారు అని. దాటాక ఓ వంద గజాలు పోయి మళ్లీ పెంచేవాడు. ఒకరోజు తగ్గించడం మర్చిపోయాడు. పోలీసు లోపలికి వంగి కాసేపు విని, ఏమీ అనకుండా పొమ్మన్నాడు, కానీ తర్వాత చాలా దూరం వరకూ స్టీరింగ్ మీద ఇతని చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఇక ఆడవాళ్ల విషయం. డబ్బు కోసం మగాళ్లతో తిరుగుతారని అమ్మాయిలని ఫాల్జ్ ఎత్తిపొడిచాడు, నిజమే. అక్కడి ఆడవాళ్లు ట్విట్టర్‌లో ఉతికి ఆరేశారు, న్యాయం వాళ్ల వైపే ఉందని నాకూ అనిపించింది. ఖజానా మింగిన మంత్రినీ, అద్దె కట్టలేని పిల్లనీ ఒకే గాటన కడితే అదేం నీతి? మా ఆఫీసులో అకౌంట్స్ చూసే ఆవిడైతే లంచ్ టైమంతా ఆయన్ని తిడుతూనే ఉండేది. ఆల్బమ్ మాత్రం ఫోన్‌లోంచి తీసేయలేదు, మర్నాడు ఇంకో పాట విని దాని మీద వాదనకి దిగేది.

మీ వ్యాసకర్త కోరుతున్న అదుపు ఎలా ఉంటుందో కూడా నైజీరియాలోనే చూడొచ్చు. 2018 ఆగస్టులో, ఇదే ఫాల్జ్ పాడిన 'దిస్ ఈజ్ నైజీరియా' వేసినందుకు జోస్ నగరంలోని ఓ ఎఫ్ఎం స్టేషన్‌కి ప్రసార కమిషన్ లక్ష నైరాల జరిమానా వేసింది. కారణం అసభ్యత అన్నారు. ఆ పాట నిండా ఉన్నది అవినీతి, హత్యలు, దేశం గతి. ఫాల్జ్‌కి పోయిందేమీ లేదు, పాట అప్పటికే ఊరూరా మోగుతోంది. కానీ ఆ స్టేషన్‌లో పాటలు వేసే మనిషి చెయ్యి, మా డ్రైవరు చెయ్యిలాగే, ఆ తర్వాత ప్రతిసారీ వాల్యూమ్ మీదికి పోదా?

2020 అక్టోబరులో దోపిడీలు అరికట్టడానికని పెట్టిన పోలీసుల 'సార్స్' దళానికి వ్యతిరేకంగా కుర్రకారు లాగోస్ రోడ్ల మీదికొచ్చినప్పుడు ముందు నిలబడ్డవాళ్లలో ఫాల్జ్ ఒకడు. మీ వ్యాసంలో ఆ ముక్క లేదు. వ్యాసకర్త గారు ఆ తొమ్మిది పాటలూ ఓసారి విని, ఆయన్ని తిడుతూనే అయినా సరే, మళ్లీ రాస్తే చదవాలని ఉంది.

- లాగోస్‌లో పనిచేసి వచ్చిన ఓ పాఠకుడు, కాకినాడ