తాబేళ్ల ప్రశ్నకు మీరిచ్చిన మూడు జవాబులపై ఫిర్యాదు

గంజాం జిల్లా, ఒడిశా

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: మీ దేశపాలన ఆటలో ‘అంతరించిపోతున్న తాబేళ్లు’ ప్రశ్న, దాని తెలుగు అనువాదం, నా 399 రూపాయలు.

అయ్యా,

మీ ఆటలో రెండేళ్లుగా ఒక దేశాన్ని పాలిస్తున్నాను. పన్నులు, బడులు, రైల్వే సమ్మె, రోజుకొక ప్రశ్న చొప్పున అన్నిటికీ జవాబిస్తూ వచ్చాను, ఎన్నడూ పేచీ పెట్టలేదు. కిందటి నెల 399 రూపాయలు కట్టి ‘ప్రకృతి విధానాలు’ అనే అదనపు భాగం కొన్నాను. అందులో వచ్చిన మొదటి ప్రశ్నే మా ఊరి ప్రశ్న. మాది ఋషికుల్య నది మొగ దగ్గర తెలుగు జాలరి పల్లె.

గుడ్లు పెట్టడానికి తీరానికి వచ్చే తాబేళ్లు తగ్గిపోతున్నాయి, ఏం చేస్తారని అడిగారు. మీరు చూపిన దారులు మూడు. దేశమంతటా చేపల వేటను శాశ్వతంగా నిషేధించడం ఒకటి. తాబేళ్లను వాటి ఖర్మకు వదిలేసి తీరమంతా హోటళ్లు కట్టడం రెండోది. మిగిలిన తాబేళ్లను జంతుప్రదర్శనశాలలో పెట్టి టిక్కెట్లు అమ్మడం మూడోది. ఈ మూడోది ఎవరి బుర్రలో పుట్టిందో గాని, వారికి నా నమస్కారం.

పక్కన వల బాగుచేసుకుంటున్న మా నాన్నకు చదివి వినిపించాను. “నిషేధం ఏ పడవకు?” అన్నారు. తెరంతా వెతికాను. మీ ఆటలో పడవలన్నీ ఒకటే. తెప్ప మీద వెళ్లే మనిషినీ, సముద్రం అడుగు ఊడ్చుకొచ్చే ట్రాలరునూ కలిపి ‘చేపల పరిశ్రమ’ అని ఒకే గీత గీశారు. “ఎన్ని నెలలు?” అన్నారు. శాశ్వతమని చెప్పాను. ఆయన మళ్లీ వల కన్నులోకి సూది దింపుకున్నారు.

మా దగ్గర సంగతి చెబుతాను. నవంబరు 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవి, ఋషికుల్య మొగల దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు ట్రాలర్లు, మరబోట్లు వేట చేయకూడదు. ఆ ఏడు నెలలు పొయ్యి ఎలా వెలగాలన్నదే మా ఊళ్లో అసలు తగాదా. మీ ఆటలో పరిహారం అన్న మాటే లేదు. తాబేలు గాలి పీల్చడానికి పైకి రావాలి, వలలో చిక్కుకుంటే ఊపిరాడక చస్తుంది. అందుకే అది తప్పించుకునే దారి ఉన్న పరికరాన్ని, అంటే ‘టెడ్’ను, ట్రాలర్ వలలకు బిగించమంటారు. ఆ ఏర్పాటు సరిగా లేదనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల దిగుమతి ఆపేసింది. మీ ఆటలో రొయ్యల ఎగుమతికి ఒక గీత ఉంది గాని, దానికీ తాబేలుకూ చుట్టరికమే లేదు.

దీపాల సంగతి కూడా వదిలేశారు. గుడ్డులోంచి వచ్చిన పిల్లలు వెలుతురు వైపు పాకుతాయి. ఒడ్డున దీపం వెలిగితే సముద్రాన్ని వదిలి రోడ్డెక్కుతాయి. చిన్నప్పుడు వాటిని బకెట్లలో ఏరి అలల అంచున వదిలేవాళ్లం. అరచేతిలో పెట్టుకున్నా ఇసుక అంటిన ఆ చిన్న తెడ్లు ఆగవు, గాలిలోనే ఈదుతుంటాయి. కొన్ని రాత్రులు దీపాలు ఆర్పడానికి ఏ దేశపు ఖజానా ఖాళీ అవుతుందండీ?

వేరే దారి లేక నిషేధమే ఎంచుకున్నాను. తెల్లారేసరికి మీ లెక్కలో తాబేళ్లు రెట్టింపయ్యాయి! ఇవాళ నీళ్లలోకి దిగిన పిల్ల గుడ్లు పెట్టే ఈడుకు రావాలంటే పదేళ్లకు పైనే పడుతుంది. 2025 ఫిబ్రవరిలో మా మొగకు 6 లక్షలకు పైగా తాబేళ్లు వచ్చాయి. అంతకు ముందు సంవత్సరం గుంపులుగా రానేలేదు. నిషేధం రెండేళ్లూ ఉన్నదే.

ఇక అనువాదం. ‘తాబేళ్ల కోత పెంచండి’ అని ఒకచోట ఉంది. మేము వరి కోస్తాం, చేపలు పడతాం. తాబేళ్లను కోయమని చెప్పడం మీ ఉద్దేశం కాదనే నమ్ముతున్నాను.

ఇదంతా ముందే రాస్తే ‘ఆట వినోదం కోసమే’ అని మూడు వరుసల జవాబు పంపారు. అమ్మేటప్పుడు మాత్రం ‘నిజమైన పాలన నేర్చుకోండి’ అని రాసుకున్నారు. రెంటిలో ఏదో ఒకటే నిజం కావాలి.

నెలలు, దూరం, పడవ రకం, పరిహారం పాలించేవారే నిర్ణయించుకునేలా ఆ ప్రశ్నను తిరగరాయండి. నా దేశాన్ని ఆ నిర్ణయానికి ముందున్న స్థితికి తీసుకురండి. పదిహేను రోజుల్లో ఈ రెండూ కుదరకపోతే నా 399 రూపాయలు వాపసు ఇవ్వండి. కొనుగోలు రసీదు, ఆ ప్రశ్న కనిపించిన తెర చిత్రాలు జతచేశాను.

జవాబు తెలుగులోనే రాయండి. మా నాన్న కూడా వింటానన్నారు.

ఇట్లు,
మీ ఆట ఆడే ఒక జాలరి కొడుకు