డచ్‌లో ‘అనుకోవడం’ ఒక్కటి కాదు

సంపాదకులకు,

నెదర్లాండ్స్ వెళ్లేవారి కోసం మీరు వేసిన డచ్ మాటల పట్టికలో డెంకెన్, విండెన్, ఖెలోవెన్, మేనెన్ నాలుగింటికీ ‘అనుకొను’ అనే అర్థం ఇచ్చారు. దాన్ని నమ్ముకున్నవాళ్లు మొదటి భోజనం దగ్గరే తడబడతారు. సూప్ తాగాక ‘ఇక్ డెంక్ దత్ దె సూప్ లెక్కర్ ఇస్’ అంటే, ‘ఇంకా రుచి చూడలేదు, బాగుంటుందనుకుంటా’ అన్నట్టు వినిపిస్తుంది. అనాల్సింది విండెన్‌తో: ‘ఇక్ వింట్ దె సూప్ లెక్కర్’, అంటే ‘సూప్ నాకు రుచిగా ఉంది’. ‘వాన పడుతోందనుకుంటా’ అనడానికి మాత్రం డెంకెనే వాడాలి. వాన పడటం మన అభిప్రాయం కాదు గదా, అక్కడ విండెన్ పనికిరాదు.

ఈ తేడా ఎలా వచ్చిందో చూస్తే గుర్తుంటుంది. విండెన్ అంటే మొదట కనుక్కోవడం. కోర్టు తీర్పుకు డచ్ మాట ‘వొన్నిస్’ కూడా దీన్నుంచి పుట్టిందే. స్వయంగా చూసి తేల్చిన మాటకే ఈ క్రియ అతుకుతుంది.

ఖెలోవెన్ దారి వేరు. ‘ప్రియమైన’ అనే అర్థమున్న ‘లీఫ్’కు అది చుట్టం. దేవుణ్ణి నమ్మడానికీ అదే మాట. కానీ వాక్యం చివర ‘ఖెలోఫ్ ఇక్’ అని తగిలిస్తే బలమంతా పోతుంది: ‘హై ఇస్ జీక్, ఖెలోఫ్ ఇక్’ అంటే ‘ఆయనకు ఒంట్లో బాగోలేదనుకుంటా’. నమ్మకానికి వాడే మాటే ఇక్కడ సందేహానికి వచ్చింది. వానెన్ అనే మరో క్రియ ఇంకా దిగజారింది. మధ్యయుగపు డచ్‌లో మామూలుగా ‘భావించు’ అనే అర్థమున్న ఆ మాటకు ఇప్పుడు ‘భ్రమపడు’ అనే అర్థమే మిగిలింది.

తెలుగువారికి అన్నిటికంటే దగ్గరిది మీ పట్టికలో లేని డుంకెన్. ‘మె డుంక్ట్’ అచ్చంగా మన ‘నాకు తోస్తుంది’. అందులోనూ ‘నేను’ కర్త కాదు. డెంకెన్ భూతకాల రూపం ‘దఖ్త్’, దీనిది ‘దొఖ్త్’. రెండూ అంత దగ్గర. ఇంగ్లిషులో ఇలాంటి జంటే కలిసిపోయి ఒక్క ‘థింక్’ మిగిలింది. డచ్‌లో కలవలేదు గానీ డుంకెన్ మూలకు జరిగింది, ఈరోజు అంటే కాస్త పాతవాసన వేస్తుంది.

మేనెన్‌కు అభిప్రాయం అనే అర్థం ఇప్పుడు ఎక్కువగా రాతలోనే కనిపిస్తుంది. మాటల్లో ‘ఇక్ మేన్ హెత్’ అంటే ‘నిజంగానే అంటున్నా’ అని.

పట్టికను మళ్లీ వేసేటప్పుడు ప్రతి క్రియ పక్కనా ఒక వాక్యం ఇవ్వండి. చోటు చాలకపోతే మేనెన్ తీసేసినా ఫర్వాలేదు, విండెన్ వాక్యం మాత్రం వదలొద్దు.

— ఒక పాఠకురాలు, విశాఖపట్నం