అవి వరిగడ్డి పుట్టగొడుగులు కావమ్మా

బర్క్‌లీ,
డిసెంబర్ 14

అమ్మా,

ఇక్కడ అందరం క్షేమం. నేను పంపిన ఫోటో చూసి "మన వరిగడ్డి పుట్టగొడుగులే, వండుకోకూడదూ?" అన్నావు. ఫోనులో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

కాలిఫోర్నియాలో వానలు చలికాలంలోనే. అవి పడగానే మా వీధి ఓక్ చెట్ల కింద ఈ గొడుగులు లేచాయి. నాయనమ్మ పుట్టకొక్కును ఎన్నడూ పైకి తుంచేది కాదు, గుర్తుందా? పుల్లతో మట్టి కదిపి, పొడుగాటి కాడను పుట్ట లోపలి దాకా తవ్వి తీసేది. నేనూ అలాగే తవ్వాను. కాడ మొదట్లో, పగిలిన గుడ్డు పెంకులా తెల్లని సంచి! తుంచి ఉంటే అది మట్టిలోనే ఉండిపోయేది.

వరిగడ్డి పుట్టగొడుగుకూ సంచి ఉంటుంది, మోసపోయేది అక్కడే. కానీ దాని కాడకు ఉంగరం ఉండదు. దీనికి పల్చని పావడా అంచులా వేలాడుతోంది. గొడుగు అడుగున చేప మొప్పల్లాంటి పొరలు తెల్లగా ఉన్నాయి. వరిగడ్డిదానికి ముదిరేకొద్దీ అవి గులాబీ రంగుకు తిరుగుతాయి. కాడ కోసేసి, గొడుగును నల్ల కాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా ఉంచాను. పొద్దున చూస్తే ముగ్గు వేసినట్టు సన్నని తెల్లని గీతలు. అవి సిద్ధబీజాలు, పుట్టగొడుగుకు విత్తనాల్లాంటి పొడి. 1821లోనే స్వీడన్ శాస్త్రవేత్త ఎలియాస్ ఫ్రీస్ పొరల పుట్టగొడుగులను ఈ పొడి రంగును బట్టి విడదీశాడు.

దీని పేరు అమానిటా ఫల్లాయిడిస్. ఇక్కడ డెత్ క్యాప్ అంటారు. యూరప్ నుంచి చెట్ల వేళ్ళతో వచ్చింది. ఆసియా నుంచి వచ్చినవాళ్ళు తమ ఊరి వరిగడ్డి పుట్టగొడుగనుకుని తిని ప్రాణాలు పోగొట్టుకున్నారమ్మా. విషముంటే కూరలో వేసిన వెల్లుల్లి నల్లబడుతుందని నువ్వు చెప్పే పరీక్ష దీన్ని పట్టుకోలేదు. ఎంత ఉడికించినా విషం పోదు. తిన్నాక సాధారణంగా 6 నుంచి 12 గంటల దాకా ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. అవి తగ్గి కాస్త తేరుకున్నట్టే ఉంటుంది, ఆలోగా లోపల కాలేయం దెబ్బతింటుంది.

ఫిబ్రవరిలో నువ్వు వస్తావు కదా. నడకకు వెళ్ళినప్పుడు ఎక్కడ కనిపించినా కోసుకురావద్దు, నన్ను పిలు. ఇద్దరం కలిసి తవ్వి చూద్దాం.

ఇంకొక్క మాట. చిట్టిచిట్టిగా గుంపుగా లేచే పుట్టకొక్కులను నాయనమ్మ వేరే పేరుతో పిలిచేది. ఎంత తలచుకున్నా గుర్తు రావడం లేదు. నీకు తెలిస్తే రాయి, నా నోటుపుస్తకంలో దానికి చోటు ఉంచాను.

నీ పెద్దమ్మాయి