ములుగు అడవి దారులను మూసివేయవద్దు, మా గూడేల వారికి అప్పగించండి: అటవీ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర అటవీ, పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారములు.

వరంగల్ దాటి ఏటూరునాగారం వైపు సాగే 163వ నంబరు జాతీయ రహదారి మీద ఉన్న ములుగు నుంచి ఈ లేఖ రాస్తున్నాను. మా పట్టణం చిన్నదే అయినా దాని చుట్టూ ఉన్న ప్రకృతి చిన్నది కాదు. ఒక పక్క పాలంపేటలో రామప్ప గుడి, చెరువు, మరో పక్క గోవిందరావుపేట మండలంలో గుట్టల నడుమ లక్నవరం ఉన్నాయి. పస్రా దాటితే తాడ్వాయి అడవి, ఆపైన ఏటూరునాగారం అభయారణ్యం, గోదావరి అవతల వాజేడులో బొగత, వెంకటాపురం మండలంలో ముత్యాలధార జలపాతాలు వస్తాయి. 2021 జులైలో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చిన తరువాత ఈ తోవన వచ్చేవారు బాగా పెరిగారు. గుడి చూసి వెనుదిరిగే వారితో పాటు అడవిలో నడవాలని, గుట్ట ఎక్కాలని, పక్షులను చూడాలని, చెరువు ఒడ్డున గుడారం వేసుకుని ఒక రాత్రి గడపాలని వచ్చే యువతీయువకులు ఇప్పుడు మాకు తరచుగా కనిపిస్తున్నారు. వారి రాకను మేము మనసారా కోరుకుంటున్నాము.

మిమ్మల్ని కోరేది ఒక్కటే. ఈ అడవిలో నడక దారులను గుర్తించి, అనుమతి విధానం ఏర్పరచి, ఆ దారుల నిర్వహణను దారి పొడవునా ఉన్న గూడేలకు, గ్రామసభలకు అప్పగించండి. శిక్షణ పొందిన స్థానిక దారిచూపరి లేకుండా ఎవరూ అడవిలోకి అడుగుపెట్టకుండా, అటువంటి మనిషి వెంట ఉన్నప్పుడు ఎవరికీ అడ్డు లేకుండా చూడండి.

దీనికి కారణం 2023 జులైలో మేము చూసిన సంఘటనలే. ఆ నెల చివరి వారంలో ముత్యాలధార చూడడానికి వెళ్లిన దాదాపు 80 మంది పర్యాటకులు, తిరుగు దారిలో వాగు పొంగడంతో రాత్రివేళ అడవిలోనే చిక్కుకుపోయారు. జాతీయ విపత్తు స్పందన దళం, పోలీసులు వెళ్లి వారిని క్షేమంగా బయటికి తీసుకురాగలిగారు. అవే రోజుల్లో మా జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది, జంపన్న వాగు ఏటూరునాగారం మండలంలోని కొండాయి ఊరి మీదికి వచ్చి ఎనిమిది మందిని బలితీసుకుంది. ఇక్కడి వాగులు ఎంత త్వరగా మారిపోతాయో బయటి నుంచి వచ్చినవారు ఊహించలేరు. జలపాతం దగ్గర ఎండ కాస్తున్నా పైన గుట్టల్లో కురిసిన వాన కాసేపటికి మోకాలి లోతు వాగును నిలువు లోతు చేస్తుంది. నీటి రంగు మారిందంటే, చెత్తాచెదారం కొట్టుకొస్తున్నదంటే వెంటనే ఒడ్డెక్కాలని గూడెంలో పిల్లలకు కూడా తెలుసు. ఆ తెలివిడి ఉన్నవారు ఒక్కరు వెంట ఉండి, "ఇవాళ వద్దు, రేపు పోదాం" అని చెప్పగల అధికారం వారికి ఉండి ఉంటే ఆ బృందం ఉదయమే వెనక్కి తిరిగి ఉండేదని నా గట్టి నమ్మకం.

ప్రమాదం జరిగిన ప్రతిసారీ వెలువడేది నిషేధమే. వరద రోజుల్లో దారి మూయడం తప్పనిసరి, అందులో వాదన లేదు. అయితే వాన తగ్గిన తరువాత కూడా మరో ఏర్పాటు లేకపోతే, ప్రధాన దారి దగ్గర కాపలా ఉన్నదని తెలిసినవారు ఫోనులో చూసుకుంటూ పొలాల వెంబడి, పశువుల తోవల వెంబడి లోపలికి వెళ్తారు. ఫోను సిగ్నల్ లేని చోట వారు ఎక్కడ ఉన్నారో ఎవరికీ తెలియదు. పేరు నమోదు చేసుకుని, మనిషిని వెంట ఇచ్చి, చీకటి పడక ముందే వెనక్కి చేర్చే ఏర్పాటు ఉంటే దొంగదారి పట్టాల్సిన అవసరం వారికి ఏముంటుంది?

ఇందుకు కొత్త చట్టం అక్కరలేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని 28వ సెక్షన్ కిందనే అభయారణ్యంలోకి పర్యాటకులకు అనుమతి ఇవ్వవచ్చు. అటవీ హక్కుల చట్టం, 2006 గ్రామసభకు అడవిని కాపాడే అధికారం ఇచ్చింది, షెడ్యూల్డు ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చే 1996 నాటి పీసా చట్టం ఎలాగూ ఉన్నది. కేరళలోని పెరియార్ పులుల అభయారణ్యంలో, ఒకప్పుడు దాల్చినచెక్క జాతికి చెందిన వయన చెట్ల బెరడును దొంగచాటుగా ఒలిచి అమ్ముకున్న వారినే సంఘంగా చేర్చి, వారి చేతనే పర్యాటకులను అడవిలో నడిపిస్తున్నారు. ఏ చెట్టు ఎక్కడ ఉన్నదో, దొంగలు ఏ దారిన వస్తారో ఎరిగినవారు కావడం వల్ల వారి నడకే గస్తీగా పనిచేస్తున్నది. పక్కనే ఆంధ్రప్రదేశ్‌లోని మారేడుమిల్లిలో వనసంరక్షణ సమితులు విడిది శిబిరాలు నడుపుతున్నాయి. మన అడవుల్లో అడవిపందుల కోసం పెట్టే ఉచ్చులను, కరెంటు తీగలను మీ సిబ్బంది ఎంత వెతికినా అన్నీ దొరకడం కష్టం. ఒకే దారిన రోజూ నడిచే మనిషి కంటికి అవి తప్పక పడతాయి. పర్యాటకుని ప్రాణానికీ పులి ప్రాణానికీ అది మేలు.

శిక్షణ విషయంలో మన రాష్ట్రం వెనుకబడి లేదు. 2014 మే నెలలో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ సంక్షేమ గురుకులాల విద్యార్థులు, వారి తొలి అడుగులు భువనగిరి గుట్ట మీద పడినవే. పేద ఇంటి పిల్లలకు తాడు పట్టడం, బండ ఎక్కడం, ఆపదలో నిబ్బరంగా ఉండడం నేర్పిన అనుభవం ఇక్కడే ఉన్నది. ఏటూరునాగారంలోని సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ద్వారా మా కోయ యువతీయువకులకు ప్రథమ చికిత్స, వాగు దాటించే పద్ధతులు, పక్షులనూ చెట్లనూ పరిచయం చేసే నేర్పు బోధించి, గుర్తింపు కార్డు, వాకీటాకీ, తాళ్లు, లైఫ్ జాకెట్లు ఇవ్వండి. ఆడపిల్లలను తప్పక తీసుకోవాలి, ఎందుకంటే అడవికి వచ్చే బృందాల్లో ఆడపిల్లలు చాలామంది ఉంటున్నారు. రుసుములో పెద్ద భాగం నేరుగా గ్రామసభ ఖాతాకు చేరాలి. ఎండాకాలంలో ఇప్పపూవు, తునికాకు ఏరుకుని నాలుగు డబ్బులు చూసే కుటుంబాలకు మిగిలిన నెలల్లో గౌరవంగా దొరికే పని ఇది.

చెరువుల గురించి కూడా ఒక మాట చెప్పాలి. రామప్ప, లక్నవరం కాకతీయుల నాటి సాగునీటి చెరువులు, నేటికీ వాటి తూముల కింద వరి పండుతున్నది. పడవ షికారుకూ దీవుల్లో విడిదికీ నేను వ్యతిరేకిని కాను. అయితే చెరువు వద్ద ఏ కొత్త కట్టడం తలపెట్టినా ముందుగా ఆయకట్టు రైతుల మాట వినాలి, చెరువు నీరు నిలిచే శిఖం భూమిలో సిమెంటు పడకూడదు. చలికాలంలో నీటి పక్షులు దిగే మూలలకు మోటారు పడవలు పోకుండా హద్దు గీసి, అక్కడ తెడ్డు పడవలను మాత్రమే అనుమతించాలి. రామప్ప గుడి నుంచి చెరువు కట్ట దాకా నడకకూ సైకిలుకూ అనువైన తోవ ఉంటే, గుడి కట్టినవారే చెరువునూ ఎందుకు తవ్వించారో చూసేవారికి కాళ్లతోనే అర్థమవుతుంది.

తాడ్వాయి అడవిలో 2024 ఆగస్టు 31 సాయంత్రం వీచిన సుడిగాలికి వేల చెట్లు కూకటివేళ్లతో కూలిపోయిన సంగతి మీ శాఖకు బాగా తెలుసు. ఆ జాగాలో కొంత భాగాన్ని ముట్టుకోకుండా వదిలి, అడవి తనంతట తాను ఎలా మొలుచుకొస్తుందో విద్యార్థులు ఏటా వచ్చి చూసేందుకు ఒక చిన్న నడక దారి ఏర్పరచండి. పడిపోయిన మద్ది మోడు పక్కన ముందు ఏ మొలక లేస్తుంది, వెదురు ఎప్పుడు కమ్ముకుంటుంది, ఏ పిట్టలు తిరిగి వస్తాయి అన్నవి పాఠ్యపుస్తకంలో దొరకవు. మా జిల్లా బడుల పిల్లలకే కాదు, గిరిజన విశ్వవిద్యాలయంలో చదువుకునేవారికి కూడా ఇది అపురూపమైన అవకాశం.

అన్ని దారులూ తెరవమని నేను అడగడం లేదు. ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని కర్రెగుట్టల వైపు మందుపాతరలు పేలి మనుషులు గాయపడిన సంఘటనలు ఉన్నందున, పోలీసులు క్షేమమని తేల్చేవరకు ఆ గుట్టల జోలికి పోకూడదు. పులి జాడ కనిపించిన రోజుల్లో, జంతువులు నీటికి దిగే చోట్ల మనిషి తప్పుకోవాలి. వానాకాలంలో ఏ రోజు దారి తెరవాలో నిర్ణయించేటప్పుడు వాగు ఒడ్డున ఉన్న గూడెం మాటకు మీ రేంజి అధికారి మాటతో సమానమైన విలువ ఉండాలి.

మొదట మూడు దారులతో ఆరంభించండి: తాడ్వాయి అడవిలో ఒకటి, లక్నవరం చుట్టూ ఒకటి, బొగత వద్ద ఒకటి. ఇందుకోసం అటవీ, పర్యాటక, గిరిజన సంక్షేమ శాఖల అధికారులను ఒకసారి తాడ్వాయికి రప్పించి, ఆయా గ్రామసభల పెద్దలతో, కోయ యువతతో కూర్చోబెట్టండి. శిక్షణకు కొన్ని నెలలు పడుతుంది కనుక, వచ్చే వానాకాలానికి ముందే మొదటి జట్టు సిద్ధంగా ఉండేలా ఆ సమావేశ తేదీని త్వరగా ప్రకటించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ములుగు పట్టణ నివాసి